బ్రష్షుకు చుట్టుకున్న వెంట్రుకలు

ఆ యంత్రం మా ఇంటికి వచ్చింది రెండు వేల దశకం చివర్లో. అప్పుడు మేము హిందూపురంలో అద్దెకు ఉండేవాళ్ళం. నేను పెనుకొండలో ప్రభుత్వ బడి టీచర్ని. పొద్దున ప్యాసింజరు రైలుకు పోయి సాయంత్రం ప్యాసింజరుకు వచ్చేదాన్ని. మా ఆయన బెంగళూరులో ఒక కంపెనీలో పనిచేస్తూ శనివారం సాయంత్రం ఇంటికి వచ్చి సోమవారం తెల్లారి వెళ్ళిపోయేవారు. మిగతా రోజులు ఇంట్లో నేనూ మా అత్తా ఇద్దరమే.

అత్త ధర్మవరం మనిషి. నలభై ఏళ్ళు మగ్గాల ఇళ్ళలో కూర్చుని పట్టు దారాన్ని కండెలకు చుట్టింది. మామ పోయాక అక్కడి ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేసింది. మోకాళ్ళు అరిగిపోయి వంగలేకపోయేది, అయినా చీపురు మాత్రం నా చేతికి ఇచ్చేది కాదు. నేను లేచేసరికే ఒక చేత్తో గోడ పట్టుకుని ముందు గది ఊడ్చేసి ఉండేది. ఆ సంగతి మా ఆయన కంపెనీలో ఎప్పుడో మాటల్లో చెప్పారట. వాళ్ళ పైఅధికారి విదేశీయుడు. ఉద్యోగం ముగిసి తన దేశం వెళ్ళిపోతూ, తన ఇల్లు ఊడ్చే రోబోను మా ఆయన చేతిలో పెట్టి, మీ అమ్మకు ఇవ్వమన్నాడట.

రొట్టెల పెనం కన్నా కాస్త పెద్దగా, గుండ్రంగా ఉండేది అది. మా ఆయన దాన్ని నేల మీద పెట్టి మీట నొక్కగానే అత్త కాళ్ళు రెండూ మంచం మీదికి తీసుకుంది. అది పోయి గోడకు గుద్దుకుని, తిరిగి బియ్యం డబ్బాకు గుద్దుకుని, మంచం కిందికి దూరింది. అత్త పక్కకు వంగి అది అటు నుంచి బయటికి వచ్చేదాకా చూసింది. మూలల్లో దుమ్ము అట్లే ఉండిపోయిందని కొడుకుతో చెప్పింది గానీ, మంచం కింద తను ఎన్నాళ్ళుగానో ఊడ్వలేకపోయిన చోట నేల బండలు తెల్లగా మెరవడం చూసి, ఇంకోసారి తిప్పమంది.

దాన్ని శుభ్రం చేయడం మా ఆయన ఒక ఆదివారం కూర్చుని నాకు నేర్పించారు. వెల్లకిలా తిప్పాలి. వెనక ఉన్న చిన్న డబ్బా లాగి దుమ్ము పారబోయాలి. అందులోని ఫిల్టర్ను మెల్లగా గోడకు తట్టాలి. అడుగున ఉన్న పొడవాటి బ్రష్షును ఊడదీసి, చుట్టుకున్న దారాలూ వెంట్రుకలూ తీసేయాలి. ముందరి బుల్లి చక్రం సందులో ఇరుక్కున్నవి కూడా. కింద ఉన్న గాజు కళ్ళలాంటి సెన్సర్లను పొడిగుడ్డతో తుడవాలి. నీళ్ళు మాత్రం తగలనివ్వకూడదు. నేను అన్నీ విన్నాను, కానీ ఆ మరుసటి ఆదివారం నాకు లేవబుద్ధి కాలేదు. అత్తే దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

నీళ్ళు తగలని శుభ్రం ఏం శుభ్రం అనుకుందేమో, ఫిల్టర్ను కొళాయి కింద పెట్టి కడిగి, తడి ఆరకముందే లోపల పెట్టేసింది. మరుసటి రోజు దుమ్మంతా డబ్బాలో బురదై, యంత్రం మూలిగి ఆగిపోయింది. నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె దాని పక్కన ముఖం చిన్నబుచ్చుకుని కూర్చుని ఉంది. ఇద్దరం కలిసి ముక్కలు ముక్కలుగా విప్పి, పుల్లతో బురద గీకి, చాటలో పెట్టి మిద్దె మీద ఎండబెట్టాం. మూడోరోజు అది తిరిగింది. కొడుకుకు చెప్పవద్దని ఆమె అనలేదు, నేనూ చెప్పలేదు. పెళ్ళయిన ఆరేళ్ళకు మా ఇద్దరి మధ్య దాచుకున్న మొదటి మాట అదే.

అప్పటి నుంచి అది ఆమె బిడ్డ అయింది. ఆదివారం మా ఆయన మాంసానికి బజారుకు పోయినప్పుడు, పాత చీర ముక్క పరుచుకుని, కత్తెరా పాత టూత్‌బ్రష్షూ పక్కన పెట్టుకుని మొదలుపెట్టేది. నేనయితే బ్రష్షుకు చుట్టుకున్నవాటిని కత్తెరతో కోసి పీకేసేదాన్ని. ఆమె కొయ్యదు. కొస వెతికి పట్టుకుని, తెగకుండా చుట్టు వెంబడి చుట్టు విప్పేది. కళ్ళజోడు లేకుండానే, వేళ్ళకు తెలిసినట్టు.

ఆ రోజుల్లోనే నా ఒంట్లో ఏదో తేడా మొదలైంది. బడిలో నల్లబల్ల మీద రాస్తూ రాస్తూ చెయ్యి దించేసుకునేదాన్ని. రైల్లో కూర్చోగానే నిద్ర. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టు. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు నా జడ చూసి అత్త తన బంధువులందరికీ గొప్పగా చెప్పుకుందని విన్నాను. అందుకేనేమో, ఆమెకు ఈ సంగతి తెలియనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను. పెరట్లో నిలబడి దువ్వుకునేదాన్ని. రాలిన జుట్టును చుట్టచుట్టి రైల్వే స్టేషనుకు పోయే దారిలో పారేసేదాన్ని. పని తప్పించుకోవడానికి నీరసం అంటోందని అనుకుంటుందేమోనని అలసట మాట కూడా ఎత్తలేదు.

ఒక ఆదివారం నేను మంచం మీద ఉండగా అత్త యంత్రం శుభ్రం చేయడం ముగించి, బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి నా పక్కన పెట్టింది. మూత తీస్తే లోపల కాగితపు గొట్టాలకు చుట్టిన నల్లటి వెంట్రుకలు. అయిదు ఉన్నాయి. చిక్కు వెంట్రుకలు కొనేవాళ్ళు వీధుల్లోకి వస్తుంటారు కదా, వాళ్ళకు ఇచ్చి ఏ గిన్నెనో తీసుకుందామని దాస్తోందనుకున్నాను. ఆమె వాటిని ఒక్కొక్కటే తీసి దుప్పటి మీద వరసగా పెట్టింది.

“వారానికొకటి చుట్టి పెట్టినా. మొదటిది చూడు, చిటికెన వేలంత ఉండాది. ఈ వారానిది చూడు.”

అది బొటనవేలి కన్నా లావుగా ఉంది. ఆమె జుట్టు తెల్లగా, పొట్టిగా ఉండేది. ఇవి ఎవరివని అడగడానికి లేదు. బోరు నీళ్ళకు రాలుతున్నాయేమో అన్నాను.

“బోరు నీళ్ళు నేనూ పోసుకుంటాండా. రైలు దిగొచ్చి చెప్పులు తియ్యకుండానే పండుకుంటాండావు. ఎండాకాలంలో దుప్పటి కప్పుకుంటాండావు. నేను చూస్తానే ఉండా. నీ ఒంట్లో ఏమైతాండాది, చెప్పు.”

నాకు ఏడుపు వచ్చేసింది. ఏమో తెలియడం లేదత్తా అన్నాను. ఆమె నన్ను ఓదార్చలేదు. నా గడ్డం పైకెత్తి గొంతు మీద రెండు వేళ్ళు పెట్టి నెమ్మదిగా తడిమింది. అప్పుడు, నేను ఎన్నడూ వినని తన అక్క గురించి చెప్పింది.

“మా అక్కకు ఈడ ఇంత వాపుండె. మగ్గం కాడ కూచుంటే నిద్రపోతాండె. జుట్టంతా పోయె. అందరూ సోమరిపోతు అనిరి. నేనూ అంటి. ఒగ దినమన్నా డాక్టరు కాడికి పిల్చుకపోదామని ఎవరికీ తోచలే. నాకూ తోచలే.”

ఆ అక్క నలభై దాటకముందే చనిపోయిందట. అంతవరకు చెప్పి, వెంట్రుకల చుట్టలు మళ్ళీ డబ్బాలో సర్దేసింది.

సోమవారం నేను బడికి సెలవు పెట్టాను. అత్తే ఆటో పిలిచింది. హిందూపురంలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి పోయాం. ఆమె గొంతు చూసి, మోకాలి కింద చిన్న సుత్తితో తట్టి చూసి, రక్తం పరీక్షకు రాసింది. మూడోరోజు కాగితం వచ్చింది. థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచేయడం లేదనీ, రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలనీ, భయపడాల్సిందేమీ లేదనీ డాక్టరు చెప్పింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. అత్త మాత్రం లేవలేదు. ఈ మాత్ర వేసుంటే మా అక్క బతికేదా అని డాక్టరును అడిగింది. మనిషిని చూడకుండా చెప్పలేననీ, ఆ కాలంలో ఈ జబ్బు చాలామందికి తెలిసేది కాదనీ ఆమె మెత్తగా చెప్పింది. అత్త తలాడించింది గానీ ఆటోలో ఇంటిదాకా బయటికే చూస్తూ కూర్చుంది.

అప్పటి నుంచి రోజూ పొద్దున చెంబెడు నీళ్ళూ మాత్రా నా తలాపున ఉండేవి. మాత్ర వేసుకున్న అరగంటకు గానీ కాఫీ ఇచ్చేది కాదు. అలసట నెల తిరక్కుండానే తగ్గుముఖం పట్టింది. జుట్టు రాలడం ఆగడానికి అయిదారు నెలలు పట్టింది. ఆదివారం యంత్రం ముందు కూర్చుని, ఈ వారం సన్నగైంది అని ఆమె వంటింట్లో ఉన్న నాకు వినబడేలా చెప్పేది. డాక్టరు కాగితాల కన్నా నాకు ఆ మాటే ధైర్యంగా ఉండేది. నేను జడ కత్తిరించుకుంటే మళ్ళీ ఒత్తుగా వస్తుందని ఎవరో అన్నారు. అత్త ఒప్పుకోలేదు. ఉన్నంత ఉండనీ అంది.

ఆ దసరా సెలవుల్లో ఆమె నన్ను ధర్మవరం పిలుచుకుపోయింది. చనిపోయిన ఆ అక్క కూతురు అక్కడే ఉండేది, నా కన్నా పెద్దది, మగ్గం నేసేది. మేము పోయేసరికి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, ఎదురుగా ఉన్న మగ్గం చెక్క మీద తల వాల్చి ఉంది. కాళ్ళు కడుక్కోమని లేచి వచ్చిన ఆమెను అత్త అక్కడే నిలబెట్టి గడ్డం పైకెత్తింది. ఏం లేదు చిన్నమ్మా, పనెక్కువ అని ఆమె నవ్వింది. రేపే డాక్టరు దగ్గరికి పోతున్నామని అత్త చెప్పేసింది. పోయాం. ఆమెకూ అదే జబ్బు, నా కన్నా ముదిరి ఉంది.

కాగితం వచ్చిన రోజు అత్త ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“మీయమ్మ సోమరి కాదే. ఆమెకు ఒంట్లో బాగలేక అట్ల ఉండె. మేమే తప్పు మాట అంటిమి.”

చిన్నప్పుడు తాను కూడా అమ్మను అదే మాట అన్నానని అక్క కూతురు చెప్పింది. అత్త ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. నేను లోపలికి పోయి పొయ్యి మీద కాగుతున్న పాలు దించాను.

తిరుగు రైల్లో అత్త చాలా దూరం ఆలోచించి, మన మిషనును కొన్ని వారాలు వాళ్ళింటికి పంపిద్దామా, మందు పనిచేస్తాండాదో లేదో తెలుస్తుంది కదా అని అడిగింది. అది తిరుగుతూ తిరుగుతూ మగ్గం గుంతలో పడిపోతుందన్నాను. అది కూడా నిజమే అని ఒప్పుకుని, అయితే నెలకొకసారి నేనే పోయి చూసొస్తా అంది.

మాట తప్పలేదు. నెలలో ఒకరోజు, మోకాళ్ళు ఎంత నొప్పి పెట్టినా, నాతోపాటు పొద్దున ప్యాసింజరు ఎక్కేది. మాత్రలూ మురుకులూ ఉన్న సంచి ఒడిలో పెట్టుకునేది. నేను పెనుకొండలో దిగి, ఆమె కూర్చున్న కిటికీ కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడి, తర్వాత బడికి నడిచేదాన్ని.