సుడిలో ఆగిన పడవ

అన్నిటికీ మొదలూ తుదీ తానే అయిన శ్రీహరికి జయము.

మొన్న బంగారుపేట మీదుగా బెంగళూరు వెళ్లే రైల్లో, నా ఎదుట ఒక పెద్దావిడ మనవరాలికి కథ చెబుతోంది. స్వామిని చూడాలని బయల్దేరిన భక్తురాలి పడవ ఏటి నడుమ సుడిలో చిక్కింది. అక్కడ ఆవిడ ఆపేసింది.

“ఇంగేమైంది అవ్వా? మునిగిపోయిందా?”

“నేనుండగా మునగనిస్తానా?”

గుడిలో ఏళ్లుగా పురాణం చెప్పేవాణ్ణి కదా, ముగింపు నేను అందుకోబోయాను.

“చెప్పొద్దప్పా!” అని ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. “మావాళ్లు బంగారు గనిలోకి దిగినాక, పైకొచ్చేదాకా మేము ఏ కథా ముగించేవాళ్లం కాదు. ఆ గని మూసేసి చానా ఏండ్లాయ. కానీ ఇప్పుడు మా ఆయనకు బెంగళూరులో గుండె ఆపరేషన్ జరగతా ఉండాది. ఆయన కండ్లు తెరిచినాకే పడవ ఒడ్డు చేరేది.”

కథకు మొదలు, చిక్కు, ముగింపు ఉండాలని నేర్చుకున్నాను, నలుగురికీ చెప్పాను. ముగింపును దేవుడి చేతిలో పెట్టి ఇంత నిబ్బరంగా కూర్చున్న మనిషిని మాత్రం అంతవరకు చూడలేదు.

బంగారుపేటలో నేను దిగిపోయాను. ఆవిడ పేరైనా అడగలేదు. నాకు తెలిసినంతలో ఆ పడవ ఇంకా సుడిలోనే ఉంది. అది ఒడ్డు చేరాలని, నాతోపాటు మీరూ ఒక్కసారి చేతులు జోడించండి.