మామ పెట్టనివ్వని డిస్కు

కిందటి నెల ఒక బుధవారం పొద్దున మా మేనమామ చనిపోయాడు. కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, పేపర్లో అచ్చుతప్పు చూపించి విసుక్కుంటూ, అలాగే వెనక్కి వాలిపోయాడట. అత్త ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. రెండు నెలల నుంచీ బతిమాలుతున్నానే, ఆ డిస్కు చూడకుండానే పోయాడే అనుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది, బాగానే వచ్చింది.

డిస్కు సంగతి చెప్పాలి. కేజీఎఫ్‌లో బంగారు గనులు నడిచే రోజుల్లో మామ క్లబ్బు హాల్లో సినిమా ఆపరేటరు. పరాయి భాష బొమ్మలు వచ్చినప్పుడు ప్రొజెక్టరు పక్కనే మైకు పెట్టుకుని, తెరమీద కింద పడే ఇంగ్లీషు చదివి, తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి కథ చెప్పేవాడు. ఒకసారి క్లబ్బు కమిటీవాళ్ళు యుద్ధం సినిమా కావాలని బెంగళూరుకు రాస్తే, ఫిరంగులు, విమానాలు ఉన్నది కాకుండా ఒక ఫ్రెంచి సినిమా వచ్చింది. జర్మన్లు ఆ దేశాన్ని పట్టుకున్నప్పుడు చాటుగా ఎదురుతిరిగినవాళ్ళ కథ. అందులో రొట్టెలు కాల్చేవాడొకడు దొరికిపోతాడు. కుర్చీలో కూర్చోబెట్టి తోటివాళ్ళ పేర్లు చెప్పమంటారు. సరిగ్గా అక్కడికి రెండు గంటల షిఫ్టుకు సైరన్ మోగింది. సైరన్ మోగితే బొమ్మ ఎక్కడుంటే అక్కడ ఆగాల్సిందే, మా ఊళ్ళో అది పద్ధతి. హాలంతా లేచి గనిలోకి దిగడానికి వెళ్ళిపోయింది. వాళ్ళలో మా నాన్న ఒకడు.

రీళ్ళన్నీ ఆడించి చూడకుండా డబ్బా తిరిగి పంపడం మామకు పడదు. ఖాళీ హాల్లో ఆఖరి రీలు ఆయనొక్కడే చూశాడు. మర్నాడు పొద్దున టీకొట్టు దగ్గర నాన్న అడిగాడు.

"ఏం బావా, ఆ రొట్టెలోడు పేర్లు చెప్పేసినాడా?"

"యాడ చెప్పినాడు బావా! నోరు తెరిస్తే గదా. కడాకు వాళ్ళే ఇడిసిపెట్టినారు."

ఆ వారమే సమ్మె నోటీసులు అంటించింది ఎవరో చెప్పమని నాన్నను ఆఫీసుకు పిలిచారు. నాన్న చెప్పలేదు. మూడు నెలలు ఆయన్ను గని గేటు దాటి పనిలోకి రానివ్వలేదు. "రొట్టెలోడే చెప్పలేదు, నేను చెప్తానా?" అని ఇప్పటికీ నెలకోసారైనా అంటాడు. ఆయన ఎవరి పేర్లు దాచాడో వాళ్ళ మనవలు ఈ రోజుకీ పెళ్ళిపత్రిక మొదట మా ఇంట్లోనే ఇచ్చి వెళతారు.

నాన్నకు ఎనభై దాటాయి. ఆ ఆఖరి రీలు కళ్ళారా చూడాలని ఆయన కోరిక. ఆ సినిమా పాత ప్రింట్లు వెతికి, గీతలు తుడిచి, శబ్దం బాగుచేసి, డిస్కుగా విడుదల చేశారని ఈమధ్య చదివి తెప్పించాను. డిస్కు ఆడించే పెట్టె రాబర్ట్‌సన్‌పేటంతా వెతికినా దొరక్క, బెంగళూరు నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ముసలివాళ్ళిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి చూపించాలని నా ఆశ.

"నేను లేకుండా పెట్టొద్దు. కథ ఎవరు చెప్తారు?" అన్నాడు మామ. డిస్కును తనే మా బీరువా మీద పెట్టాడు. సరే, రావయ్యా అంటే రాడు. ఒకరోజు కరెంటు పోయేట్టుందన్నాడు. ఒకరోజు కంట్లో మందు వేసుకున్నానన్నాడు. గురువారం బొమ్మ మొదలుపెట్టకూడదట, ఏ శాస్త్రంలో ఉందో ఆయనకే తెలియాలి. ఒకరోజు బేతమంగళలో స్నేహితుడికి ఒంట్లో బాగాలేదని బస్సెక్కాడు. ఆ స్నేహితుడు మర్నాడు సంతలో నాకు ఎదురుపడి, గుమ్మడికాయంత ఆరోగ్యంగా పలకరించాడు. పోనీ అట్టయినా చూడు మామా అంటే, అటూ ఇటూ తిప్పి పెదవి విరిచాడు.

"నలుపు నలుపుగా లేదే పాపా. బియ్యం ఎక్కువసార్లు కడిగినట్టుండాది."

"సీలు విప్పకుండా ఎట్లా చెప్తావు మామా?"

"సుమ్నే, ఊరికే ఉండు. ఇన్నేండ్లు ఆగినోళ్ళు ఇంగ నాలుగు రోజులు ఆగలేరా?"

మామతో వేగడం ఎప్పుడూ అంతే. పెళ్ళిళ్ళలో వీడియో తీసేవాడి పక్కన నిలబడి ఫోకస్ గురించి తగువు పెట్టుకునేవాడు. నేను పనిచేసే బళ్ళో పిల్లలకు సినిమా వేయమని పిలిస్తే, తెర వంకరగా ఉందని గంటసేపు సర్దించాడు, ఈలోగా ఇంటిగంట కొట్టేశారు. అయినా తెర కింద అక్షరాలు వేలితో చూపించి నాకు ఇంగ్లీషు నేర్పింది ఆయనే. నేను ఈ రోజు ఇంగ్లీషు టీచరునంటే అది ఆయన చలవ. "కథ చెప్పేవాడు తెరను చూస్తే చాలదు పాపా. ఎదురుగా ఉండేవోళ్ళ మొగాలు చూడల్ల," అనేవాడు. అదీ ఆయన గొప్పల్లో ఒకటి అనుకునేదాన్ని.

కర్మలన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం, నాన్న కునుకు తీస్తుండగా, పెట్టె సరిగా ఆడుతుందో లేదో చూద్దామని సీలు విప్పాను. నలుపు నలుపుగానే ఉంది. చూస్తూ చూస్తూ ఆఖరుదాకా వెళ్ళిపోయాను.

రొట్టెలవాడు చెప్పేశాడు. తల వంచుకుని, ఒక్కొక్కటే, ఐదు పేర్లు. నమ్మలేక వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. అవే ఐదు పేర్లు.

రెండు నెలలు నేను తిట్టుకున్న వంకలన్నీ అప్పుడు వరసగా గుర్తొచ్చాయి. ఆ పొద్దున టీకొట్టు దగ్గర నాన్న మొగంలో మామ ఏం చూశాడో, దానికి తగ్గట్టు కథ చెప్పాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళు నోరు తెరవలేదు. నాకైనా ఒక్క ముక్క చెప్పకూడదా, మహానుభావుడు! చెప్పి ఉంటే ఆ డిస్కు తెప్పించేదాన్నా, ఆయన్ను అంతలా సాధించేదాన్నా? చనిపోవడానికి రెండు రోజుల ముందు కూడా "నువ్వు మనిషివేనా మామా" అని ఫోన్ పెట్టేశాను. ఆ మాట వెనక్కి తీసుకుందామంటే ఇప్పుడు ఎవరితో చెప్పుకోను?

వెనక దగ్గు వినబడింది. గబుక్కున టీవీ ఆపేశాను. నాన్న గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పెట్టె పనిచేస్తా ఉండాదా పాపా? అయితే పెట్టు, చూస్తాం. మీ మామ ఇంగ రాడు గదా."

"కరెంటు పోయేట్టుంది నాయనా," అన్నాను. నెత్తిమీద ఫ్యాను గిరగిరా తిరుగుతోంది.

"అయితే రేపు పెట్టు."

"రేపు గురువారం."

నాన్న నా మొగంలోకి చూసి నవ్వాడు. "నీకూ మీ మామ రోగం అంటుకునిందే," అంటూ వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. నేను డిస్కును అట్టలో పెట్టి, స్టూలెక్కి, బీరువా మీద మామ పెట్టినచోటే మళ్ళీ పెట్టాను. ఆ తర్వాత కొంచెం గోడవైపుకు, నాన్న చెయ్యి అందనంత లోపలికి తోశాను.