ముంతల స్లాబు మీద నా డ్రిల్లు

తిరువూరులో సోలార్ ప్యానెళ్లు బిగించడం నా పని. ఆ వేసవిలో ఎ.కొండూరు రోడ్డులో మట్టి ఇటుకలతో కట్టిన ఓ కొత్త ఇంటికి పిలిచారు. గృహప్రవేశం రోజే సోలార్ కరెంటు రావాలన్నారు. కింద హాల్లో భోజనాలు జరుగుతుంటే నేను డాబా ఎక్కి, స్టాండు బిగించడానికి ధీమాగా డ్రిల్లు పెట్టాను.

డ్రిల్లు ఒక్కసారిగా లోపలికి దిగిపోయింది. కింద నుంచి కేకలు! పరుగున వెళ్తే పైకప్పుకి చిల్లు, సాంబారు గిన్నెలో సిమెంటు పెళ్లలు, విస్తళ్లు వదిలేసి బయటికి ఉరుకుతున్న చుట్టాలు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"స్లాబులో ముంతలున్నాయని తెలీదా భాయ్?" అన్నాడు ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ. కాంక్రీటు తగ్గాలని, ఇల్లు చల్లగా ఉండాలని మట్టి ముంతలు బోర్లించి, పైన పల్చగా పోశారట.

"నాకెవరు చెప్పారు?"

"ఇల్లు కడుతున్నన్నాళ్లూ రోజూ పొద్దున టీ దగ్గర అందరం చెప్పుకున్నాం కదండీ" అన్నారు ఆ ఇంటి పని చూసిన ఇంజనీరు మేడం.

"ఆ టీ నాకెవరు పోశారండీ?"

మేడం నవ్వేశారు. మేస్త్రీ సుద్దముక్కతో ముంతలు లేనిచోట్లు గీసి చూపించాడు. సాయంత్రానికి చిల్లు పూడ్చారు, ప్యానెళ్లూ నిలబడ్డాయి.

చివర్లో వచ్చేవాణ్ని ముందే పిలవాలంటాను నేను. ఇప్పుడు ఆ జట్టు ఎక్కడ ముంతలు పేర్చినా, ఆ పొద్దున మొదటి టీ గ్లాసు నాదే.

– కరీముల్లా, తిరువూరు