మామిడికాయల మీద కసిరిన రోజు

ఆ రోజుల్లో నాకు కోపమొస్తే తప్పు నాది కాదనీ, ఎదుటోళ్లే తెప్పిస్తా ఉండారనీ గట్టిగా నమ్మేవాణ్ణి. చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరి ఏడాది కూడా కాలేదు. ఒకరోజు నేను మరిచిపోయిన క్యారేజీ పట్టుకుని నాయన ఆఫీసుకొచ్చి, అందరి ముందరా మా మేనేజరుతో, "వీడికి కోపమెక్కువ సార్, మాట వినకుంటే రెండు తగిలించండి" అని నవ్వి పోయినాడు. ఆ పూట నుంచి నాయనతో మాటలు మానేసినాను. (క్యారేజీ మాత్రం ఖాళీ చేసినాను. కోపం నాయన మీద కదా, అమ్మ చేసిన పులుసు మీద కాదు.)

ఆ వారంలోనే మేనేజరు, కాయలు ఎట్ల కోయాల, ఎట్ల దించాల అని రైతులకు చూపించే వీడియో ఒకటి తీయించినారు. అసలు గొంతు మద్రాసు నుంచి ఒకాయన ఇస్తాడంట, ముందు ఏ బొమ్మకు ఎంత సేపు మాట్లాడాలో కొలత కోసం ఎవరో ఒకరు చదివితే చాలంట. "నువ్వే చదువబ్బా, దీంట్లోనే మైకుండాది" అని ఆఫీసు ల్యాప్‌టాప్ నా చేతిలో పెట్టినారు. స్టోరు రూములో తలుపేసుకుని, ఫ్యాను ఆపి (ఆపకుంటే నా కన్నా ఫ్యానే బాగా చదువుతుంది), నడి ఎండాకాలంలో చెమటలు కక్కుతా చదివినాను. విన్న మేనేజరు బిత్తరపోయినారు. "కాయను తొడిమెతో కోయమని చెప్పమంటే, రైతు గొంతు కోసేట్టు చెప్తా ఉండావే!" పక్కనున్న గుమాస్తా ఊరుకోకుండా, "అచ్చం వాళ్ల నాయనే సార్" అన్నాడు.

ఆ మాటతో నా ఒళ్లు మండింది. మైకే చెడిపోయిందని వాదించి, ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నాను. ఆదివారం పొద్దున గదిలో కూర్చుని మెత్తగా, తియ్యగా ఆరుసార్లు చదివినాను. ప్రతిసారీ దాంట్లోంచి నాయనే వచ్చి "కాయలు కింద పడేయకూడదు!" అని నన్ను గదమాయించినాడు. ఏడోసారి సౌండంతా పెంచి విన్నాను. వంటింట్లోంచి అమ్మ అరిచింది: "ఏమయ్యా, పొద్దున్నే పిల్లోణ్ణి తగులుకున్నావు? పడేస్తే పడేసినాడు, పోనీ!"

పెరట్లో గడ్డం గీసుకుంటా ఉండిన నాయన, సగం మొహం నురగతోనే వచ్చి ల్యాప్‌టాప్ ముందర నిలబడి చివరిదాకా విన్నాడు.

"ఇది నేనెప్పుడు చదివినాన్రా?"

"నువ్వు కాదు, నేను" అన్నాను. అన్ని రోజుల తర్వాత నాయనతో నేనన్న మొదటి మాట అది.

"నేనిట్లనా మాట్లాడేది?" అని నాయన మెల్లగా అడిగినాడు. అమ్మ గడప దగ్గరికొచ్చి, "పెండ్లినాటి నుంచీ" అనింది.

నాయన నా పక్కనే చతికిలబడినాడు. "ఇంకోసారి చదువు. నవ్వుతా చదువు." చదివినాను. "అట్ల కాదురా!" "అయితే నువ్వు చదువు, సూస్తాం!" ఆయన చదివినాడు. నా కన్నా ఘోరం. ఇద్దరం ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం, మధ్యలో ఎవరం ముందు నవ్వినామో తెలీదు. రికార్డింగు ఆపడం మరిచిపోయినందుకు అదంతా దాంట్లోనే పడింది.

మద్రాసాయన గొంతు తేనె మాదిరి వచ్చింది, ఆఫీసులో మాది తుడిచేసినారు. పీడ వదిలిందనుకున్నాను. నాయన పోయి ఇన్నేండ్లయింది. ఆ కేకలకు ఒక కాపీ దాచిపెట్టుకోవాలని తోచని ఆ కుర్రోడు ఎదురైతే, ఇప్పుడు నేనే రెండు తగిలిస్తాను.