కిటికీకి ఎదురుగా మంచం

"ఫ్లైట్‌లో రాకక్కా, ట్రైన్‌లో రా," అని మా చెల్లెలు వసంత ఫోన్‌లో అనడంతో ఈ ప్రయాణం మొదలైంది. కెనడాలో నేనుండేది హాలిఫాక్స్, అదుండేది కిచెనర్. విమానమెక్కితే పూట లోపల వెళ్లిపోవచ్చు. రైల్లో అయితే రెండు రోజులు. మాంట్రియల్‌లో ఒకసారి, టొరంటోలో ఒకసారి మారాలి. అంత తీరిగ్గా వెళ్లే సమయం కాదని నాకు తెలుసు, దానికింకా బాగా తెలుసు. ఇక చేసేదేమీ లేదని చెప్పి హాస్పిటల్ వాళ్లు దాన్ని ఇంటికి పంపేశారు. కింద ఆఫీసు గదిగా వాడుకునే చిన్న గదిలో, చక్రాల మంచం అద్దెకు తెచ్చి వేశారు.

"మాంట్రియల్‌లో దిగి మరిసోల్‌ని కలువు. అపాయింట్‌మెంట్ బుక్ చేశా. నా గదిని ఏం చెయ్యాలో అడుగు," అంది.

మరిసోల్ కొలంబియా నుంచి వచ్చి మాంట్రియల్‌లో స్థిరపడిన ఇంటీరియర్ డిజైనర్. కీమో ఎక్కుతున్నంతసేపూ వసంత ఆవిడ వీడియోలే చూసేది. ఏ గోడకి ఏ రంగు, ఏ దీపం ఎక్కడ, ఇదే గోల. చూడటమే తప్ప ఇంట్లో ఒక్కటీ చేసిన పాపాన పోలేదు. ఇల్లు కొన్న రోజు నుంచీ దానికీ, మా మరిది రఘుకీ ఒకటే మాట, అమ్మేటప్పుడు ఇబ్బంది అవుతుందని. ఎవడో కొనబోయేవాడికి నచ్చాలని వీళ్లు ఇన్నేళ్లూ లేత బూడిద గోడల మధ్య కాపురం చేశారు. వాళ్లకు పిల్లలు లేరు, గోడల మీద గీతలు గీసే దిక్కు కూడా లేదు.

"గది సంగతి ఇప్పుడెందుకే?" అనబోయి నోరు మూసుకున్నాను. అది అడిగింది అదొక్కటే. నా చేతుల్లో ఉన్నదీ అదొక్కటే.

మే మొదటి వారంలో, మధ్యాహ్నం ఒంటిగంటకు హాలిఫాక్స్‌లో రైలెక్కాను. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకున్నాను. ఈ దారిలో వెళ్లేవాళ్లు కుడి పక్క సీటు అడగండి, ఊరు దాటేదాకా సముద్రపు నీళ్లు పక్కనే వస్తాయి. డబ్బులు మిగులుతాయని సీటు టికెట్ మాత్రం తీసుకోకండి. నేను తీసుకుని తెల్లారేసరికి నడుం పట్టుకుని లేచాను. మాంక్టన్‌లో ఎక్కిన ఒక పెద్దాయన పక్క సీట్లో కూర్చుని, ఎవరింటికి వెళ్తున్నారని అడిగాడు. చెల్లెలింటికన్నాను. పండగా అన్నాడు. కాదన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా తన బిస్కెట్ల పొట్లం మా ఇద్దరి మధ్యా పెట్టాడు. కాంబెల్టన్ దాటేదాకా ఇద్దరం బిస్కెట్లు తింటూనే ఉన్నాం.

మాంట్రియల్ చేరేసరికి ఉదయం పది దాటింది. సామాను స్టేషన్‌లోనే దాచమని ఇచ్చి మెట్రో ఎక్కాను. మరిసోల్ స్టూడియో రెండో అంతస్తులో ఉంది. ఆ ఊళ్లో పాత ఇళ్లకి మెట్లు వీధిలోకే, ఇనుపవి, మెలికలు తిరిగి ఉంటాయి. మోకాళ్లని తిట్టుకుంటూ ఎక్కాను. తలుపు తీసింది యాభై దాటిన మనిషి, జుట్టు పైకి ముడేసి అందులో పెన్సిల్ గుచ్చుకుంది. రఘు పంపిన గది ఫోటోలు చూపించి విషయం చెప్పాను. ఆవిడ అయ్యో అనలేదు. "కింద పడుకోండి," అంది.

"ఎవరు, నేనా?"

"మీరే. వెల్లకిలా."

ముప్పై ఏళ్లు యూనివర్సిటీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని, ముక్కూ మొహం తెలియని ఇంట్లో తివాచీ మీద వెల్లకిలా పడుకున్నాను. ఏం కనిపిస్తోందని అడిగింది. సీలింగు, లైటు, మీ ముక్కు అన్నాను. ఆవిడ నవ్వి నా పక్కనే కూర్చుంది.

"మీ చెల్లెలికి రోజంతా కనిపించేది ఇదే. నిలబడి చూసేవాళ్లకి ఆ గది ఎలా ఉందన్నది మనకి అనవసరం," అంది.

తరవాత ఫోటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూస్తూ చెప్పుకుపోయింది. పైన లైటు ఆపేసి పక్కన దీపం పెట్టమంది. మందులు కంటికి కనిపించకుండా తల వెనక్కి మార్చమంది. గోడ మీద నవ్వుతున్న ఫోటోలన్నీ తీసేయమంది. "వాటిని చూసినప్పుడల్లా ఆవిడ తిరిగి నవ్వాలి. అంత ఓపిక ఎక్కడుంటుంది?" అంది. రంగులు వేస్తే వాసన పడదు కాబట్టి, పక్క గోడ నిండా మంచి రంగు బట్ట వేలాడదీయమంది.

చివరికి మంచం దగ్గర ఆగింది. తలవైపు కిటికీ, కాళ్లకెదురుగా గుమ్మం. "కిటికీ ఉంచుకుని దాన్ని తల వెనక పెట్టారేమిటి? పైగా కాళ్లు గుమ్మం వైపు. చనిపోయినవాళ్లని అలా తీసుకెళ్తారని మా అమ్మ ఎవరినీ అలా పడుకోనిచ్చేది కాదు. మంచం తిప్పేదాకా అన్నం ముట్టేది కాదు," అంది. "మీ ఇళ్లలో కూడా ఉంటాయిగా ఇలాంటివి? చెయ్యకూడనివేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి."

"అబ్బే, అలాంటివేం లేవు. మేం సైన్సు చదువుకున్నవాళ్లం," అన్నాను.

ఎంత దర్జాగా అన్నానో. ఆవిడ నా వంక ఒక క్షణం చూసి, గుర్తొస్తే ఫోన్ చెయ్యమంది. తరవాత కాగితం మీద గది గీసి, మంచాన్ని అటుదిటు తిప్పింది. తల గుమ్మం వైపు, చూపు కిటికీ వైపు. పడకకి మరో చోటు లేదు. గది సన్నం, ఒక పక్క క్లోజెట్, ఇంకో పక్క బాత్రూమ్ తలుపు.

వసంతకి ఏ రంగు ఇష్టమని అడిగితే కనకాంబరం అన్నాను. దాన్ని ఇంగ్లీషులో ఏమనాలో తోచక ఫోన్‌లో పువ్వు చూపించాను. ఆవిడే నన్ను బట్టల కొట్టుకి తీసుకెళ్లి, నాలుగు తాన్లు విప్పించి, ఆ రంగు పట్టుకునేదాకా వదల్లేదు.

ఆ రాత్రి హోటల్లో ఉండి, మర్నాడు పొద్దున టొరంటో రైల్లో ఆ బట్ట చుట్టని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురు సీట్లో మనవాళ్లే, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన ఇంజినీరు గారూ, భార్యా. ఏమిటండీ అది అని ఆయన అడిగితే, మా చెల్లెలి గది గోడకని కొంచెం విప్పి చూపించాను.

"ఇంత బ్రైట్ కలరా? రీసేల్‌కి కష్టమండీ. న్యూట్రల్‌గా ఉంచుకుంటేనే సేఫ్," అన్నాడాయన.

"అమ్మడానికి కాదండీ. తనకి బాలేదు," అన్నాను. ఆయన భార్య ఆయన మోచెయ్యి తట్టి, సంచీలోంచి చేగోడీలు తీసి నా చేతిలో పోసింది. ఆయన టొరంటో వచ్చేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు, పాపం.

టొరంటోలో బస్సు పట్టుకుని సాయంత్రానికి కిచెనర్ చేరాను. రఘు కారుతో వచ్చాడు. మనిషి సగమైపోయాడు. ఇంట్లో వసంతని చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు.

"తెచ్చావా?" అంది. ప్రయాణం ఎలా జరిగిందని కూడా అడగలేదు. దాని కాళ్ల మీద బట్ట పరిచాను. దాని మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది.

మర్నాడు తేలికైన పనులన్నీ చేశాం. ఫోటోలు దించాం, దీపం మార్చాం, గోడకి కనకాంబరం వేలాడదీశాం. ఇక మంచం ఒక్కటే మిగిలింది. చక్రం బ్రేకు మీద కాలు పెట్టి రఘు ఆగిపోయాడు.

"వదినా, అటు తిప్పితే తల ఉత్తరం అవుతుంది," అన్నాడు గొంతు తగ్గించి.

ఫోన్ తీసి దిక్సూచి చూశాను. గదిలో ఇంకో మూలకి వెళ్లి మళ్లీ చూశాను. నేను జరిగితే ఉత్తరం కూడా జరుగుతుందనుకున్నానేమో. చిన్నప్పుడు వేసవిలో డాబా మీద పడుకుంటే, మేం నిద్రలో దొర్లి తల అటు పెట్టినా అమ్మ లేచి వచ్చి, మమ్మల్ని ఎత్తి మళ్లీ ఇటు పడుకోబెట్టేది. అమ్మ పోయాక కూడా ఏ దేశంలో, ఏ హోటల్లో పడుకున్నా ఇద్దరం అటు తల పెట్టలేదు. మాకది నమ్మకమని కూడా తెలియదు, పళ్లు తోముకోవడంలాంటిదే. అందుకే మరిసోల్ అడిగితే ఏమీ లేవన్నాను.

"చక్రం బిగుసుకుపోయిందే. రేపు చూద్దాం," అని వసంతతో చెప్పాను. మర్నాడూ అదే చెప్పాను. మూడో రోజు పెరట్లోకి వెళ్లి మరిసోల్‌కి ఫోన్ చేసి, ఉత్తరం సంగతీ, కిటికీ బయట మొగ్గలేసిన చెట్టు సంగతీ చెప్పాను. ఆ రోజే అడిగాను కదా అని ఆవిడ అనొచ్చు, అనలేదు. వేరే చోటు లేదని మాత్రం చెప్పింది. "గది గురించైతే నేను చెప్పగలను. మీ భయానికి నేను ప్లాన్ గియ్యలేను. మీ చోట ఉంటే నాకూ చేతులాడవు," అంది.

కిటికీ అవతల, పక్కింటి కంచెను ఆనుకుని క్రాబ్ ఆపిల్ అనే పూల చెట్టు ఒకటి ఉంది. ఆ మధ్యాహ్నం కిటికీ తెరిచి ఉంది, పిట్టలు గోల చేస్తున్నాయి.

"చెట్టు పూసిందా అక్కా?"

"మొగ్గలున్నాయి. ఎర్రగా, చిన్నచిన్నవి. అక్కడక్కడా విచ్చుకుంటున్నాయి."

"నువ్వు చూసి చెప్పడం కాదు. నేను చూడాలి."

"ఆ చక్రం..."

"చక్రం బాగానే ఉంది. పొద్దున నర్స్ జరిపింది. ఉత్తరం అనేగా నువ్వు ఆగుతున్నావు?"

నేను దుప్పటి అంచు సర్దాను.

"అటు తల పెడితే ఏమవుతుందని చెప్పేది అమ్మ?"

"ఏమో. ఏదో చెడు జరుగుతుందని."

"ఇంకేం జరగాలక్కా నాకు?"

కోపంగా అనలేదు. నిజంగా అడిగినట్టే అడిగింది. వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఏడ్చినంతసేపు ఏడ్చాను. మంచం తిప్పనంత కాలం అది పోతోందని ఒప్పుకోనక్కర్లేదు, నా ఏడుపంతా అదే. మొహం కడుక్కుని వచ్చి రఘుని పిలిచాను. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని తోశాం. చక్రాలు చప్పుడు లేకుండా తిరిగాయి. దాని చూపు గోడ మీది కనకాంబరం మీదుగా జరిగి కిటికీ దగ్గర ఆగింది.

"అబ్బ," అంది.

ఆ సాయంత్రమంతా నేను వచ్చిపోతూ దాని ఊపిరి చూస్తూనే ఉన్నాను, తిప్పినందుకు ఏమైనా అవుతుందేమోనని. సైన్సు చదువుకున్నదాన్ని. అదేమో హాయిగా నిద్రపోయింది.

ఆ వారంలోనే చెట్టు నిండా పూసింది. ఆకు కనిపించనంత పూత. మెలకువ ఉన్నంతసేపూ దాన్నే చూసేది. ఒకరోజు రఘుని పిలిచి, "మనం ఈ ఇంట్లో ఇన్నేళ్లు ఉండి ఈ చెట్టుని ఎప్పుడైనా చూశామా?" అని అడిగింది. అతను చూశామన్నాడు. చూడలేదని ముగ్గురికీ తెలుసు. రేకులు రాలడం మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం, కిటికీ తెరిచి ఉండగానే వెళ్లిపోయింది.

కార్యం రోజున ఊళ్లో మనవాళ్లందరూ వచ్చారు. పక్క వీధిలో ఉండే సుగుణ ఆంటీ నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లింది. మంచి మనిషి, దాని కోసం ఎన్నోసార్లు చారు పెట్టి పంపింది.

"తల ఉత్తరం వైపు పెట్టారటమ్మా. పెద్దవాళ్లెవరూ చెప్పలేదా?"

"తెలుసాంటీ. కిటికీ దక్షిణం వైపు ఉంది," అన్నాను.

ఆవిడ గదిలోకి తొంగి చూసింది. ఖాళీ మంచాన్నీ, గోడ మీది బట్టనీ, బయట చెట్టునీ చూసి, పమిటతో కళ్లు తుడుచుకుని వెళ్లి వడ్డనలో నిలబడింది.

జూన్ మధ్యలో బయల్దేరాను. బట్టని దించనా అని అడిగితే, "ఉండనివ్వండి వదినా, ఇల్లు కొనేవాళ్లు వద్దనుకుంటే వాళ్లే తీసేసుకుంటారు," అన్నాడు రఘు. ఈసారి నాకు బెర్తు బుక్ చేశాడు. వసంత సంగతీ, నేను వచ్చే రైలూ ముందే ఫోన్‌లో చెప్పాను కాబట్టి, మాంట్రియల్‌లో రైలు మారే వేళకి మరిసోల్ స్టేషన్‌కి వచ్చి కూర్చుని ఉంది. రెండు కాఫీలు ముందే తెచ్చిపెట్టింది.

"చెట్టు పూసిందా?"

"పూసింది."

"చూసిందా?"

"చూసింది."

ఆవిడ జుట్టులోంచి పెన్సిల్ తీసి, దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుంది. గది ఎలా వచ్చిందని ఒక్క మాట అడగలేదు. కాఫీలు చల్లారిపోయాయి.

రైలు సాయంత్రం ఏడింటికి కదిలింది. ఈ దారి మళ్లీ ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచించాను. సీట్లు, టికెట్లు, ఏ స్టేషన్‌లో ఏం దొరుకుతుందో చెప్పగలను. మాంట్రియల్‌లో ఒక పూట ఆగమని చెప్పగలను. అంత దూరం వెళ్లి నేను చేసిన పనల్లా ఒక మంచం తిప్పడం. దానికి నాకు పట్టినంత సమయం ఆ ప్రయాణానికి కూడా పట్టలేదు. ఆ మూడు రోజులూ నాకు మళ్లీ రావు, దానికీ రావు.

అలసటగా ఉంది, పక్క త్వరగా వేయమని అటెండెంట్‌ని అడిగాను. ఆ అమ్మాయి పరుపు దించి, దుప్పటి పరిచి, తలగడ చేతిలో పట్టుకుని, "ఏ వైపు పెట్టమంటారు?" అంది.

అలవాటు ఎక్కడికి పోతుంది. ఫోన్ తీసి దిక్సూచి తెరవబోయాను. మళ్లీ సంచీలో పడేశాను.

"బయట బాగా కనిపించే వైపు పెట్టమ్మా," అన్నాను. పొలాల మీద ఇంకా వెలుతురు ఉంది.