సుబ్బులు కంప్యూటర్ చెడగొట్టిన సంగతి

సుబ్బులు ఆ కంప్యూటర్‌ని సవతి అనేది. మొగుడు బతికున్నన్నాళ్లూ దానికి వేరే పేరు పెట్టలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి, "నా సవతి లేచిందా? మొహం కడిగిందా?" అనేది. కేశవరావు నవ్వేవాడు తప్ప తెర మీంచి చూపు తిప్పేవాడు కాదు.

మనిషి మంచివాడే. పెద్ద కంప్యూటర్లను నడిపే యునిక్స్ తెలిసినవాడని కంపెనీవాళ్లు పిలిపించుకుంటే హెచ్‌వన్ వీసా మీద అమెరికా వచ్చి, డాలస్ పక్కన కాపెల్‌లో ఇల్లు కొని, రిటైరయ్యేదాకా ఎవరివో పెద్ద పెద్ద మిషన్లు కాచాడు. ఇంట్లో వెనక గదిలో యునిక్స్ లాంటి లినక్స్ పెట్టిన పాత కంప్యూటర్ డబ్బా ఒకటి. అందరి ఇళ్లల్లో ఉండే కంప్యూటర్లంటే ఆయనకు చులకన. కొడుకు తేజేశ్వర్‌ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ నల్లతెర మీద అక్షరాలు కొట్టించేవాడు. వాడికి అఆలు రాకముందే ఆ కమాండ్లు వచ్చాయి. తండ్రీకొడుకులు అన్నం మానేసి దాని ముందు కూర్చుంటే, "మీ యునిక్స్ అన్నం కూడా వండుతుందేమో అడగండి, నేను పోయి పడుకుంటాను" అని గరిటె సింకులో పడేసేది సుబ్బులు. చదివింది ఐదో తరగతి. ఆ ముక్క ఎవరి దగ్గరా దాచలేదు, ఎవరికీ తల వంచలేదు. నోరు మాత్రం బీఏ చదివింది.

ఆ నోరే ముంచింది.

కేశవరావుకు గుండె నొప్పి వచ్చి ఆస్పత్రిలో చేర్చారు. తేజ సియాటిల్లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. విమానం ఎక్కితే నాలుగు గంటల దారి. వాడు రాలేదు. రేపొస్తా, ఎల్లుండొస్తా అంటుండగానే తండ్రి వెళ్లిపోయాడు. తీరా వచ్చేసరికి దహనానికి వేళయింది. ఈ దేశంలో చితి లేదు, కట్టెలు లేవు. పెట్టెను లోపలికి పంపి, కొడుకు చేత గోడకున్న బటన్ నొక్కిస్తారు. తేజ చెయ్యి బటన్ దగ్గర ఆగింది. స్నేహితులు, కూతురు, అల్లుడు, పంతులుగారు, అందరూ ఉన్నారు. సుబ్బులు అంది:

"నొక్కరా, ఆలోచిస్తావేం? నీ ఉద్యోగమే అది కదా. ప్రాణముండగా రాలేకపోయావు గానీ, బటన్ నొక్కడానికైతే టైముకొచ్చావు."

వాడు నొక్కాడు. తల్లి వంక చూడలేదు. పన్నెండో రోజు దాకా ఉండి, చెప్పిన పనల్లా చేసి, వెళ్లిపోయాడు.

వాడు వెళ్లాక కూతురు స్పందన నోరు విప్పింది. "వాణ్ని రావద్దన్నది నాన్నేనమ్మా. నేను పక్కనే ఉన్నాను. 'నాకేం లేదు, గ్యాస్ అంటున్నారు, ఆఫీసులో నీ రిలీజ్ పని అవగొట్టుకుని రా' అని ఫోన్‌లో చెప్పాడు. తమ్ముడు అన్నీ వదిలేసి వస్తానంటే తిట్టాడు కూడా."

"మరి ఆ మాట వాడు అక్కడే ఎందుకు అనలేదే?"

"ఏమంటాడమ్మా? పోయిన మనిషి మీద పెడతాడా?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేరంటారు. సుబ్బులు ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున లేచి ఫోన్ చేతిలోకి తీసుకుంది, పెట్టేసింది. తప్పయిందిరా అని కొడుకుతో అనడం ఆమె ఎరగదు. ఆమె తల్లి ఎరగదు, తల్లి తల్లి ఎరగదు. ఆ వంశంలో ఆడవాళ్లు వడ్డించి బుజ్జగిస్తారు గానీ నోటితో అడగరు. వడ్డిద్దామంటే వాడు సియాటిల్లో ఉన్నాడు.

తేజ ఫోన్ చేయడం మానేశాడు. పండక్కి అక్కకు మెసేజ్ పెడతాడు, అమ్మను అడిగానని చెప్పమంటాడు. అంతే.

సుబ్బులు కూతురింటికి మారింది. అదీ కాపెల్లోనే. సామానంతా ఎవరెవరికో ఇచ్చేసింది గానీ సవతిని వెంట తెచ్చుకుంది. అందులో కేశవరావు పోగేసిన పాత పాటలున్నాయి. అవి వింటూ కూర్చునేది. ఒకనాడు తెర మీద ఏదో పెట్టె లేచి అప్‌డేట్ చేయనా అంది. సరేనని నొక్కింది. అక్షరాల గీతలు పైకి పాకుతున్నాయి. పాటలు అయిపోయాయి కదా, కరెంటు దండగని రైస్ కుక్కర్ ప్లగ్ లాగినట్టు లాగేసింది. మర్నాడు పాటల ప్రోగ్రాం తెరుచుకోలేదు. కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ కాదు, ఉన్నది కదలదు.

అల్లుడు వచ్చి చూసి, "అత్తయ్యగారూ, దీన్ని రీసైకిల్‌లో పడేద్దాం. మంచి ట్యాబ్లెట్ కొనిస్తాను" అన్నాడు. స్పందన తమ్ముడికి మెసేజ్ పెట్టింది, నాన్న కంప్యూటర్ పాడైందని.

వెంటనే ఫోన్ మోగింది. కూతురిది కాదు, సుబ్బులుదే.

"అమ్మా, దాన్ని ఎవ్వరూ టచ్ చేయొద్దని చెప్పు. నువ్వు ముందు కూర్చో. నేను చెప్పింది టైప్ చెయ్యి."

నెలల తర్వాత విన్న గొంతు. సుబ్బులు కుర్చీ లాక్కుని కూర్చుంది. కేశవరావు బయటివాళ్లు లోపలికి రాకుండా ఆ కంప్యూటర్‌కి అన్ని తలుపులూ మూసి పెట్టాడు. సియాటిల్లో కూర్చుని తేజ దీన్ని చూడలేడు. ఆమె కళ్లతో చూడాలి, ఆమె వేళ్లతో కొట్టాలి.

"ఏం ఎర్రర్ ఉంది? చదువు."

"ఇంగ్లీషురా. డి... పి... కె... జి..."

"గుడ్. అర్థమైంది. ఇన్‌స్టాల్ అవుతుంటే మధ్యలో ఆగిపోయింది. సగం లోపలికొచ్చిన ప్యాకేజీలు అలాగే ఉండిపోయాయి. వాటిని ఫినిష్ చేస్తే కానీ కొత్తవి రావు."

"సగం ఉడికిన అన్నం మీద మళ్లీ బియ్యం పోయకూడదు. అంతేగా?"

"అంతే." వాడు కొంచెం నవ్వినట్టనిపించింది.

ఒక్కో అక్షరం వాడు చెప్పడం, ఈమె వెతుక్కుని నొక్కడం. "డ్యాష్ రెండుసార్లు అమ్మా... స్పేస్ వద్దు... స్పేస్ తీసెయ్." గీతలు మళ్లీ పాకాయి. వాడి ఊపిరి వినబడుతోంది. వెనకాల ఏదో గిన్నె చప్పుడు. వంట చేసుకుంటున్నాడేమో. ఏం తింటున్నావురా అని అడగబోయింది, గీతలు ఆగిపోయాయి. పాట వచ్చింది.

"సరే అమ్మా, ఉంటాను."

పాట మొగుడిది, గొంతు కొడుకుది. సుబ్బులు ప్లగ్ వంక చూసింది.

మళ్లీ పాడైంది. తర్వాత మళ్లీ పాడైంది. ఎలా పాడైందో చెప్పనక్కరలేదు.

తెర మీద ఒక కిటికీలో ఇన్‌స్టాల్ మొదలుపెట్టి, ఇంకో కిటికీ తెరిచి అందులోనూ మొదలుపెడితే రెండోది మొరాయిస్తుందని కనిపెట్టింది. "లాక్ అంటోందిరా" అని ఫోన్ చేసింది.

"ఒకేసారి రెండు ఇన్‌స్టాల్స్ నడవకూడదు అమ్మా. ఒకటి లోపలుంటే తాళం వేసుకుంటుంది."

"బాత్రూం గడియలాగన్నమాట."

ఈసారి నిజంగానే నవ్వాడు. "యా, అదే. ఆ తాళం పగలగొట్టమని ఇంటర్నెట్‌లో చెప్తారు. కొట్టకూడదు. లోపలున్నవాళ్లు బయటికొచ్చేదాకా వెయిట్ చేయాలి."

"మరి రాకపోతే?"

"లోపల ఎవరున్నారో చూసి, అప్పుడు ఏం చేయాలో చూస్తాం. ఊరికే పగలగొడితే అంతా పాడవుతుంది."

సుబ్బులు ఆ మాటల్ని చాలాసేపు నమిలింది.

సాయంత్రాలు కాలవ పక్క నడకలో పద్మిని అని ఒకావిడ కలిసేది. కొడుకు రోజూ వీడియో కాల్ చేస్తాడని ఊరంతా చాటుకునే రకం. "మీ అబ్బాయి చేస్తాడా సుబ్బులుగారూ?" అని తెలిసే అడిగేది.

"మావాడు రోజూ చేయడమ్మా. చేసినప్పుడు మాత్రం, తిన్నావా, పడుకున్నావా అని మూడు ముక్కలడిగి పెట్టేయడు. గంటసేపు పని చెప్తాడు, నేను చేస్తాను. మీ అబ్బాయి మీకేమన్నా పని నేర్పాడా?" అనేది సుబ్బులు. పద్మిని మొహం చిన్నబుచ్చుకునేది. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో.

ఫోన్ చేసిన ప్రతిసారీ ఆ మాట చెప్పేద్దామనే అనుకునేది. బెండకాయలు తరుగుతూ సాధన చేసేది. 'ఒరే తేజా, ఆ రోజు నేనన్నది తప్పురా. మీ నాన్నే వద్దన్నాడని నాకు తెలియదు.' అంతే కదా, ఎంతసేపు పడుతుంది? గీతలు పాకే వేళ చెప్పచ్చు. అప్పుడు వాడూ ఊరికే ఉంటాడు, తానూ ఊరికే ఉంటుంది. ఒకసారి మొదలుపెట్టింది కూడా.

"ఒరే, ఆ రోజు..."

"ఏ రోజు?" వాడి గొంతు చటుక్కున మారింది. తలుపు వేసుకున్నట్టు.

"అదే... ఆ రోజు అక్క పంపించిన ఆవకాయ అందిందా?"

"అందింది అమ్మా."

గీతలు ఆగాయి. పని అయిపోయింది.

ఎప్పుడూ ఒకే నొప్పి చెబితే డాక్టరుకైనా అనుమానం వస్తుంది. కొత్త జబ్బు కావాలి. వాడే ఒకప్పుడు చెప్పాడు, గడియారం తప్పుగా ఉన్నా ఇన్‌స్టాల్ కాదని. ప్యాకేజీల జాబితాకు ఒక తారీఖుంటుంది, కంప్యూటర్ తారీఖు అంతకంటే వెనకుంటే, 'ఇది ఇంకా పుట్టనే లేదు, నేను తీసుకోను' అంటుందట. సుబ్బులు తారీఖు పెట్టె తెరిచింది. దానంతటది సరిచేసుకునే మీట ఆపేసింది. క్యాలెండర్ వచ్చింది. వెనక్కి నొక్కింది. ఒక్క రోజు వెనక్కి పెట్టినా చాలేమో. వేలు ఆగలేదు. నెల వెనక్కి, ఇంకో నెల వెనక్కి. సంవత్సరం మారింది. అక్కడొక గురువారం దగ్గర ఆగింది. ఆ రోజు కేశవరావు ఇదే కంప్యూటర్ ముందు కూర్చుని కాఫీలో పంచదార తక్కువైందన్నాడు. మర్నాడే ఆస్పత్రి. ఆ గురువారం అందరూ ఉన్నారు, ఆమె ఇంకా ఏమీ అనలేదు.

ఆ తారీఖు పెట్టి, కాసేపు చూసుకుని, ఫోన్ చేసింది. ఈసారి చెప్పేస్తాననే అనుకుంది.

తేజ అడిగిందల్లా చదివింది. వాడు కాసేపు ఆలోచించాడు. "అమ్మా, పైన డేట్ ఏముంది?"

"మార్చి పద్నాలుగు."

"ఇయర్?"

"పోయినేడు."

వాడు నెమ్మదిగా, "పాత మెషీన్ కదా. లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది డెడ్ అయితే డేట్ పోతుంది" అన్నాడు.

"ఆ, అదే అయ్యుంటుంది."

"కానీ అలా పోతే మొదటికి పోతుంది అమ్మా. ఆ మెషీన్ తయారైన రోజులకి. నాన్న హాస్పిటల్‌కి వెళ్లే ముందు రోజుకి పోదు." కొంచెం ఆగి, "నువ్వే మార్చావా?"

అవునురా అంటే అయిపోయేది. ఎందుకమ్మా అని వాడు అడిగేవాడు. అడిగితే చెప్పేది. తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు పిల్లాడు. సుబ్బులుకు మాత్రం దొంగతనం పట్టుబడ్డట్టు ఒళ్లంతా మండిపోయింది. ఆ మంటలో నోరు తన దారిన తాను పోయింది.

"నేనెందుకు మారుస్తానురా? నాకు వేరే పని లేదనుకున్నావా? సవతిని నా నెత్తిన పెట్టిపోయాడు మీ నాన్న, అది చాలక నీ కేసు విచారణ ఒకటి!"

"నేను అలా అనలేదు అమ్మా."

"అన్నట్టే ఉంది."

వాడు ఆఫీసువాళ్లతో మాట్లాడే గొంతుతో, "ఓకే. డేట్ కరెక్ట్ చేద్దాం. తర్వాత ఒక ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేద్దాం. అది ఉంటే నేను ఇక్కడినుంచే అన్నీ చూసుకుంటాను. అప్‌డేట్స్ వాటంతటవే అవుతాయి. నీకు శ్రమ ఉండదు" అన్నాడు.

"మీ నాన్న ఆ తలుపు తీయొద్దనేవాడు కదరా?"

"నాన్న ఉన్నప్పుడు నాన్న చూసుకున్నాడు. ఇప్పుడు నేను చూసుకుంటాను."

"నాకు శ్రమని నేనన్నానా?"

"అనలేదు. కానీ ఎన్నిసార్లు పాడైందో చూడు."

వాడు చెప్పిన అక్షరాలు కొట్టింది. ఒక్క తప్పు కూడా పోలేదు, చేతులకు అలవాటైపోయింది. చివర్లో కంప్యూటర్ ఇన్‌స్టాల్ చేయనా వద్దా అని ఆగింది. ఎప్పుడూ అడిగేదే.

"వై కొట్టి, ఎంటర్ నొక్కు అమ్మా."

సుబ్బులు వేలు ఎంటర్ మీద ఆగింది. వద్దురా, ఇది పాడవుతూనే ఉండనీ అని చెప్పాలనిపించింది. ఆ మాటకు ఐదో తరగతి చదువు కూడా అక్కరలేదు.

"నొక్కావా?" అన్నాడు వాడు.

నొక్కింది.

కాసేపటికి తెర మీద బాణం గుర్తు దానంతటదే కదిలింది. ఇటు వెళ్లింది, అటు వెళ్లింది, ఏవో తెరిచింది, మూసింది. వాడు వచ్చి పక్కన నిలబడి ఆమె భుజం మీంచి చెయ్యి చాచినట్టుంది. సుబ్బులు మౌస్ ముట్టుకోకుండా చూస్తూ కూర్చుంది. తర్వాత బాణం ఆగిపోయింది.

అప్పటినుంచి సవతికి జలుబు కూడా చేయలేదు. ప్లగ్ లాగితే లేచి తనను తాను సర్దుకుంటుంది. రెండు కిటికీలు తెరిచి ఇన్‌స్టాల్ చేయబోతే పాస్‌వర్డ్ చెల్లదంటుంది. తారీఖు వెనక్కి తిప్పబోతే ఆ మీటే కదలదు. పాటలు మాత్రం అడిగినప్పుడల్లా పాడుతుంది. "చూశావా అమ్మా, తమ్ముడు ఎంత బాగా చేశాడో! ఇంక నీకు ఏ గొడవా లేదు" అని స్పందన మురిసింది. కొడుకు ఫోన్ చేస్తున్నాడా అని పద్మిని అడిగితే సుబ్బులు నడక దారి మార్చుకుంది.

ఎండలు ముదిరాయి, తగ్గాయి. ఒక ఆదివారం పొద్దున, ఇంట్లోవాళ్లు గుడికి వెళ్లాక, సుబ్బులు ఫోన్ తీసి నంబరు నొక్కింది. అబద్ధం సిద్ధం చేసుకోలేదు. వాడి గొంతు వినగానే పాతదే వచ్చింది.

"ఏమైంది అమ్మా?"

"కంప్యూటర్ మళ్లీ ఏదో..."

"ఉండు." అటువైపు టకటకా కీబోర్డ్ చప్పుడు. "ఇక్కడ చూస్తున్నాను. అంతా బానే ఉంది. ఎర్రర్స్ ఏం లేవు. పొద్దున కూడా అప్‌డేట్ అయింది."

"ఔనా?"

"యా."

గీతలు లేవు, పాకేవి ఏమీ లేవు. వాడు ఫోన్ పెట్టేయలేదు. ఊపిరి వినబడుతోంది. వెనక గిన్నె చప్పుడు ఆగింది, పొయ్యి కట్టేసినట్టున్నాడు.

"ఇంకేమైనా ఉందా అమ్మా?"

మెల్లగానే అడిగాడు. అడిగి, ఆగాడు. సుబ్బులు నోరు తెరిచింది. ఆ నోరు ఎంతమందిని ఎన్ని అన్నదో, ఎప్పుడూ తడుముకోలేదు. ఈ ఒక్క మాటకు నాలుక లేవలేదు.

"ఏం లేదురా" అంది. "బానే ఉందో లేదో చూద్దామని."

"బానే ఉంది అమ్మా" అన్నాడు వాడు. ఇంకాస్త ఆగి పెట్టేశాడు.