ఏడో గ్రీన్ సముద్రం వైపు వాలదు

నా గోల్ఫ్ మొదలైంది 1996 జులై 13, శనివారం, ఉదయం ఆరుంబావుకి. ఇవాళ అది గుర్తుకు రావడానికి కారణం, మా అపార్ట్‌మెంట్ కింద పార్కులో రాత్రి వానకి తడిసిన గడ్డిని మిషనుతో కోయడం. ఆ పచ్చి వాసన మూడో అంతస్తులో మా వంటింటి కిటికీ దాకా వచ్చింది. పాలు పొయ్యి మీద పెట్టి అక్కడే నిలబడిపోయాను. ఈ వయసులో కోపం ఒంటికి మంచిది కాదంటారు డాక్టర్లు. అయినా వచ్చింది. స్టెల్లా టీచరు గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు కనుక నేను రాస్తున్నాను.

అప్పట్లో నేను పోర్టు అకౌంట్స్‌లో పనిచేసేదాన్ని. మావారు స్టీల్‌ప్లాంటులో ఇంజనీరు. ఇద్దరం తణుకు ప్రాంతం నుంచి ఉద్యోగాలకి విశాఖపట్నం వచ్చి స్థిరపడ్డవాళ్లం. ఎవరో చెబితే మావారు గోల్ఫ్ క్లబ్బులో చేరారు. సభ్యుడి భార్య కూడా ఆడుకోవచ్చునన్నారు. అయితే ఎప్పుడు ఆడుకోవచ్చునో తర్వాత తెలిసింది. పొద్దున్న చల్లని వేళంతా మగవాళ్లది. ఆడవాళ్లకి మధ్యాహ్నం రెండు దాటాక, ఎండ నెత్తిన పడే వేళ. ఒక్క మినహాయింపు ఉండేది. రాత్రి వాన పడి నేల చిత్తడిగా ఉంటే మగవాళ్లు బూట్లు పాడవుతాయని వచ్చేవారు కాదు. ఆ పొద్దులు మాకు వదిలేసేవారు. దాన్ని కూడా ఏదో దానం చేస్తున్నట్టుగా, "ఇవాళ గ్రౌండ్ లేడీస్‌కి ఇచ్చేశామండీ" అనేవారు.

అలాంటి తడి పొద్దునే నేను మొదటిసారి వెళ్లాను. కొండవాలున తొమ్మిది గుంటల మైదానం. ఒక్కో గుంట చుట్టూ దగ్గరగా కత్తిరించిన నున్నటి గడ్డి, దాన్నే గ్రీన్ అంటారు. మొదటి గ్రీన్ మీద ఒకావిడ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, కళ్లు మూసుకుని నిలబడి ఉంది. ప్రార్థన చేసుకుంటోందనుకుని నేను దూరంగా ఆగాను.

"ఏటమ్మా, అలగ నిలబడిపోనావ్? రా, సెప్పులిప్పి రా" అంది కళ్లు తెరవకుండానే.

ఆవిడే స్టెల్లా టీచరు. ఊరు భీమిలి. ఆడపిల్లల హైస్కూల్లో చాలాకాలం డ్రిల్లు టీచరుగా చేసి మానేసింది. భర్త ఓడలని రేవులోకి నడిపించే పైలట్. క్లాసులో మాట్లాడినట్టు శుభ్రంగా మాట్లాడగలదు, కానీ ఆటలో పడితే భీమిలి మాటే వచ్చేది. నన్ను తన పక్కన నిలబెట్టి ఏ పాదం మీద బరువు ఎక్కువగా ఉందో చెప్పమంది. నేను కిందకి చూశాను.

"కళ్లతో సూత్తన్నావేటి? కళ్లకి ఆ కొండ కనిపిత్తాది, ఈ సముద్రం కనిపిత్తాది, మోసపోతాయి. కాళ్లకి అయ్యేటీ తెలీవు. కాళ్లనడుగు."

ఎడమ పాదం మీద కాస్త ఎక్కువగా ఉన్నట్టుందన్నాను. "అదీ. బంతి కూడా అటే పోద్ది" అంది. గోల్ఫ్‌లో దూరం కొట్టడం బలం ఉన్నవాళ్లెవరికైనా వస్తుంది. గ్రీన్ మీద చివరి పదడుగులు బంతిని గుంటలోకి దొర్లించడం దగ్గరే ఆట పోతుంది. నేల వాలు, గడ్డి పడుకున్న వైపు, తడి, ఈ మూడూ కలిసి బంతిని పక్కకి లాగేస్తాయి. ఆ లాగుడుని ముందుగా పసిగట్టడమే గ్రీన్ చదవడం. గడ్డి మెరుస్తూ కనిపిస్తే అది మనకి అవతలి వైపుకి వాలి ఉందనీ, బంతి జోరుగా పోతుందనీ, మసకగా ఉంటే మన వైపుకి వాలి ఉందనీ, బంతి మధ్యలోనే చతికిలబడుతుందనీ ఆవిడే చెప్పింది. గుంట అంచు ఏ పక్క ఎండిందో వంగి చూడమంది. ఆ వానాకాలం అంతా నా చేత బంతి ముట్టించలేదు. చెప్పులు విడిచి నడిపించింది, అంతే.

ఆవిడ పద్ధతి ఒకటుండేది. ఏడాదికి ఒక్క గ్రీన్. ఒక వానాకాలం మొదలు నుంచి చివరి దాకా దాన్ని చూడాలి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, ఎటు జారి పోతాయి, చివరికి ఏ మూల ఆరుతుంది, ఇవన్నీ చూశాకే దాని గురించి నోరు విప్పాలి. నాకు ఓపిక లేక రెండోది కూడా చూపించమన్నాను.

"ఓ పెళ్లి సూపుల్లో ఇద్దరు పెళ్లికొడుకుల్ని సూత్తావేటి సుశీలా?" అంది. పక్కనున్న ఆడవాళ్లంతా నవ్వారు. మొత్తం ఏడుగురం ఉండేవాళ్లం ఆ తడి పొద్దుల్లో. మాకిచ్చిన బురదలోంచే ఆవిడ ఈ విద్య తీసిందని నాకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. పొడి నేల మీద తప్ప అడుగు పెట్టని మగవాళ్లకి నీళ్లు ఎటు పోతాయో ఎలా తెలుస్తుంది?

ఆ మైదానంలో అందరూ వల్లించే సూత్రం ఒకటే. బంతి ఎప్పుడూ సముద్రం వైపే తిరుగుతుంది. కొత్తగా చేరినవాళ్లకి మొదట ఇదే చెప్పేవారు. తొమ్మిదింటిలో ఎనిమిదింటికి అది దాదాపు నిజం. ఏడోది మాత్రం వేరు. దాన్ని కొండవాలున కట్టేటప్పుడు కింది వైపు మట్టి పోసి ఎత్తు చేశారట. కంటికి సముద్రం వైపు వాలినట్టే ఉంటుంది, కానీ వాన వెలిశాక నీళ్లు కొండ పక్కనే నిలిచేవి. 1999 వానాకాలంలో, నేల ఆరిన ఒక మధ్యాహ్నం నేను ఆ గ్రీన్ చదువుతున్నప్పుడు మూర్తిగారు అటుగా వచ్చారు. ఆయన క్లబ్బు కమిటీ సభ్యుడు, వ్యాపారస్తుడు, విజయవాడ వైపు మనిషి, మంచిగానే మాట్లాడతారు.

"ఏంటి మేడమ్, సముద్రం కనిపిస్తూనే ఉందిగా. ఇంక చదివేదేముంది?" అన్నారు.

 టీచరు ఆయన చేతిలోని నీళ్లసీసా తీసుకుని, గ్రీన్ బయట గట్టు మీద కాదు, సరిగ్గా గుంట పక్కన కొద్దిగా ఒంపింది. నీళ్లు ఒక్క క్షణం ఆగి, తీరిగ్గా కొండ వైపుకి పాకాయి. మూర్తిగారు ముందు నీళ్లని, తర్వాత సముద్రాన్ని చూశారు.

"ఇన్నేళ్ల నుంచి ఇక్కడ ఓడిపోతున్నానండీ!" అన్నారు.

"ఓడిపోడం కాదు బాబూ, ఇనకపోడం" అంది టీచరు.

ఆ తర్వాత ఆయన ప్రతి పోటీకి ముందు ఆవిడ దగ్గరికి వచ్చి అడిగి వెళ్లేవారు. ఆయనే కాదు, మరో నలుగురైదుగురు కూడా. ఆవిడ ఎవరికీ లేదనలేదు. నాకు ఒళ్లు మండేది. పొద్దున్న మనల్ని రానివ్వరు, మన దగ్గర నేర్చుకున్నది మాత్రం వాళ్లకి కావాలి, ఎందుకు చెబుతారని అడిగాను. "గ్రీను వాడిదా, నాదా? అది ఎలాగుందో అలాగే సెప్పాల" అంది.

2002 నవంబరులో ఆవిడ భర్త పోయారు. గుండెపోటు. జనవరిలో ఆవిడ మళ్లీ పట్టర్, అంటే గ్రీన్ మీద బంతిని దొర్లించే కర్ర, పట్టుకుని వచ్చిన మొదటి రోజునే క్లబ్బు సెక్రటరీ మొదటి గ్రీన్ దాకా నడిచి వచ్చాడు. మేమంతా అక్కడే ఉన్నాం.

"మేడమ్, మీరేమీ అనుకోకూడదు. సభ్యత్వం సార్‌ది కదా. సార్‌తోనే అయిపోయినట్టు రూలు. మీరు డైనింగ్ హాల్‌కి రావచ్చు, తంబోలాకి రావచ్చు. కమిటీ స్పెషల్‌గా ఒప్పుకుంది. గ్రౌండ్ మీదకే..."

"తంబోలాకి రావచ్చునా?" అంది టీచరు.

"తప్పకుండా మేడమ్."

"అంటే అంకెలు పిలిత్తే కొట్టేసుకోవచ్చు. గెడ్డి మీద నడవకూడదు. మా ఆయన పోతే నా కాళ్లు కూడా పోనాయేటి బాబూ?"

అతను తల వంచుకున్నాడు. ఆవిడ చెప్పులు వేసుకుంది. నేను మాత్రం ఊరుకోలేదు. వితంతువులకి ఆడే హక్కు ఉంచాలని మా ఏడుగురి తరఫునా కమిటీని అడిగాను. తొమ్మిదిమంది కూర్చున్నారు. చేతులెత్తమంటే నాలుగు లేచాయి. అయిదు లేవలేదు. లేవని వాటిలో మూర్తిగారి చెయ్యి ఒకటని సెక్రటరీయే నాతో చెప్పాడు. మావారు తన అతిథిగా టీచరుని తీసుకెళతానన్నారు. "ఇన్నేళ్లు ఆడిన సోటికి సుట్టంలాగ రాను" అని ఆవిడ ఒప్పుకోలేదు. వంట కట్టెల్లాగా తన కర్రలన్నీ ఒక తాడుతో కట్టేసి, భీమిలిలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది.

ఫిబ్రవరిలో జంటల పోటీ. ఒకే బంతిని ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి. చీటీలు తీస్తే నా జత మూర్తిగారు పడ్డారు. ఆరు గుంటల దాకా అవసరానికి మించి మాట్లాడలేదు. ఏడో గ్రీన్ మీద నేను కొట్టిన బంతి గుంటకి పన్నెండడుగుల్లో ఆగింది. తర్వాతి దెబ్బ ఆయనది. ఆ రోజు గుంటని పై మూలకి మార్చారు. ఆయన వంగి చూశారు, లేచారు, మళ్లీ వంగారు.

"స్టెల్లాగారుంటే బాగుండేదండీ" అన్నారు.

నేను ఆయన వైపు తిరిగాను.

"ఉండేవారే. మీరు చెయ్యెత్తి ఉంటే."

"నా ఒక్కడి చేతితో ఏమవుతుందండీ?"

"నాలుగూ అయిదూ, మూర్తిగారూ. వ్యాపారం చేస్తారు, ఈపాటి లెక్క రాదా? ఆ ఒక్కటే కావలసింది."

వెనక వచ్చే జంట ఆగి మా వైపు చూస్తోంది. ఆయన ముఖం ఎర్రబడింది. నేల చూస్తూ, "ఎటు కొట్టమంటారు?" అని అడిగారు. ఆ మాట అడగగలిగినందుకు ఈ రోజుకీ ఆయన్ని క్షమించలేదు. తప్పు వైపు చూపించాలని నోటి దాకా వచ్చింది. సముద్రం వైపే తిరుగుతుందండీ అంటే చాలు, ఆయన పాత నమ్మకం మిగతా పని చేసేది. నేను చెప్పులు విడిచాను. గుంటకీ బంతికీ మధ్య నిలబడ్డాను. గడ్డి మసకగా ఉంది.

"కొండ వైపుకి తిరుగుతుంది. జానెడు సముద్రం వైపు గురి పెట్టి కొట్టండి. కాస్త గట్టిగా" అన్నాను.

బంతి నేరుగా వెళ్లి, చివర్లో కొండ వైపుకి ఒరిగి, గుంటలో పడింది. వెనకవాళ్లు చప్పట్లు కొట్టారు. మేం గెలిచాం. కప్పు ఆయనే తీసుకెళ్లారు, నేను ముట్టుకోలేదు. ఏప్రిల్ నుంచి ఆ క్లబ్బులో నా పేరు తీసేయించాను.

తర్వాత నేను వీలున్నప్పుడల్లా బస్సెక్కి భీమిలి వెళ్లేదాన్ని. ఒకసారి రెండో గ్రీన్ సంగతి చెప్పమని బతిమాలాను. ఆవిడ చేపల పులుసు వడ్డిస్తూ తల అడ్డంగా ఊపింది. "మాటల్తో అయ్యీదైతే ఏడేళ్లెందుకమ్మా? నువ్వు దాని మీద నిలబడాల, నాను నీ పక్కన నిలబడాల. ఇద్దరికీ ఆ సోటు నేదు కదా ఇప్పుడు." ఆ మాట ఆవిడ ఏడుస్తూ చెప్పలేదు. ఇంకొంచెం పులుసు వేసింది. 2006 మార్చిలో పోయింది. క్లబ్బు నుంచి పెద్ద పూలదండ వచ్చింది. భార్యల రూలు ఆ తర్వాత కొన్నేళ్లకి మార్చారని విన్నాను.

నేనిప్పుడు గోల్ఫ్ ఆడను. మోకాళ్లు సహకరించవు. కానీ ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే, అడిగినవాడు ఎంత అయోగ్యుడైనా సరే, ఉన్నది ఉన్నట్టే చెబుతాను. అది ఆవిడ నాకు చేసిన అలవాటు. దానివల్ల నాకు చాలాసార్లు మనశ్శాంతి దక్కలేదు.

పోయినవి ఇవి. తడి పొద్దుల్లో వచ్చే ఏడుగురిలో, 2003 వేసవికి మిగిలినవాళ్లు ఇద్దరు. ఆవిడ బతికి ఉండి కూడా మైదానం బయట గడిపిన వానాకాలాలు మూడు: 2003, 2004, 2005. మొత్తం గ్రీన్లు తొమ్మిది. నడక నేర్చుకోవడానికే పోయిన మొదటి వానాకాలం తీసేస్తే, ఏడాదికొకటి చొప్పున నేను నేర్చుకున్నవి ఆరు. నేర్చుకోకుండా మిగిలినవి రెండోది, అయిదోది, తొమ్మిదోది.